చూడాల్సిన మనిషి వెళ్లిపోకముందే

కంపెనీల సభలు, ఆవిష్కరణలు, వార్షిక విందులు ఏర్పాటు చేసే పనిలో అడిలైడ్‌లో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. ఇప్పుడు మానేశాను. మా ఎరికలో ఉన్న పిల్లలు కొందరు ఈ మధ్య ఇదే పనిలోకి దిగుతున్నారు. వచ్చి, "ఆంటీ, టిప్స్ ఏమైనా ఇవ్వండి" అంటారు. టిప్స్ ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. హాలు ఎప్పుడు బుక్ చేయాలి, మైకులు ఎన్ని పెట్టాలి, పూలు ఏ రంగువి తేవాలి, ఇవన్నీ అక్కడ దొరుకుతాయి. నేను రాయదలచింది అది కాదు. ఈ పనిలో నేను దేనితో పోట్లాడానో, ఎందుకు పోట్లాడానో అది రాస్తాను. మీరు ఒప్పుకోవాలని లేదు. ఒప్పుకోకపోతే కారణం చెప్పండి, చాలు.

ఎవరి మనసు మారాలి?

తెనాలిలో మా నాన్న చర్చాసభలు నడిపేవారు. కులం పోవాలా వద్దా, పెళ్లికి పురోహితుడు కావాలా అక్కర్లేదా, దేవుడు ఉన్నాడనడానికి రుజువేమిటి, ఇలాంటి విషయాలు. చిన్న అద్దె హాలు. కుర్చీలు వేయడం, మంచినీళ్లు పెట్టడం, వక్త సమయం దాటితే గంట కొట్టడం నా పనులు. గంట కొట్టడానికి నేనెవరినీ లెక్కచేసేదాన్ని కాదు, మా నాన్నతో సహా.

ఆయనకి ఒక నియమం ఉండేది. మనతో విభేదించేవాడిని ముందు వరుసలో కూర్చోబెట్టాలి, ముందు అతన్ని మాట్లాడనివ్వాలి. "మన మాట ఇప్పటికే నమ్మినవాళ్లకి సభ దేనికే? వాళ్లని ఇంటికి పిలిచి కాఫీ ఇస్తే సరిపోతుంది" అనేవారు. ఈ వృత్తిలో నాకు తెలిసిందంతా ఆ మాటలో ఉంది. మిగిలింది కుర్చీలు, వైర్లు, భోజనాలు.

అందుకే ఏ కంపెనీవాళ్లు వచ్చినా మొదట ఒకటే అడిగేదాన్ని. ఈ సభ అయ్యేసరికి ఎవరి మనసు మారాలి? చాలామంది "అందరూ హ్యాపీగా వెళ్లాలండీ" అనేవారు. "అందరూ" అనేది జవాబు కాదు, తప్పించుకోవడం. మళ్లీ అడిగేదాన్ని. "మా కస్టమర్లు" అనేవారు. ఏ కస్టమరు? "అంటే… ముఖ్యంగా ఫలానా ఆయన." ఆ పేరు వచ్చేదాకా నేను హాలు గురించి మాట్లాడేదాన్ని కాదు. పేరు వచ్చాక పని సులువు. ఆ మనిషి ఎప్పుడొస్తాడు, ఎప్పుడు వెళ్లాలి, ఏం తింటాడు, ఎంతసేపు ఓపిక పడతాడు, ఏ అనుమానం పెట్టుకుని వస్తాడు? కార్యక్రమం మొత్తం ఆ మనిషి చుట్టూ అల్లుకోవాలి.

మన తెలుగువాళ్ల కంపెనీలు దీన్ని తలకిందులు చేస్తాయి. వేదిక నిండా కుర్చీలు వేస్తారు. ఎవరిని పైకి పిలవకపోతే ఎవరు అలుగుతారో, ఆ లెక్క మీద కార్యక్రమం తయారవుతుంది. పరిచయం, పరిచయానికి ధన్యవాదం, శాలువా, ఫోటో. శాలువా కప్పించుకున్నాయన ఫోటో దిగి పార్కింగ్ వైపు వెళ్లిపోతాడు. కంపెనీ ఏం తయారు చేసిందో చెప్పాల్సిన ఇంజినీరుకి చివర్లో ఐదు నిమిషాలు దొరుకుతాయి. అప్పటికి హాల్లో ఉన్నది వాళ్ల సొంత ఉద్యోగులు, బిర్యానీ కోసం ఆగిన బంధువులు. ఇలాంటివి చాలా చూశాను, కొన్ని నేనే ఏర్పాటు చేశాను కూడా. వాటిని విజయవంతమైన సభలని ఎవరైనా అంటే ఫోటోలు చూసి అన్నారని అర్థం.

మార్గరెట్

నాకు పని ఇచ్చింది మార్గరెట్. స్కాట్లండ్‌లో పుట్టి అడిలైడ్‌లో స్థిరపడిన మనిషి. ఇంటి గరాజ్‌లో కంపెనీ నడిపేది. నా పేరు సుశీల అని చెబితే రెండుసార్లు పలికి చూసి, "సూ అంటాను, ఏమనుకోకు" అంది. ఏమీ అనుకోలేదు. పని నేర్పేవాళ్లకి అంతమాత్రం చనువు ఇవ్వచ్చు.

ఆమె గొప్పతనం శాంతం. మైకు పనిచేయకపోయినా, కేకు కిందపడినా, మంత్రిగారు రాకపోయినా ఆమె గొంతు పెరిగేది కాదు. ఆమెతో నాకు పేచీ ఒక్క విషయంలోనే. క్లయింటు మాటే చివరి మాట అనేది. "వాళ్ల డబ్బు, వాళ్ల పార్టీ. చంద్రుడి మీద పెట్టమంటే రాకెట్‌కి ఎంతవుతుందో కనుక్కో, అంతేగాని చంద్రుడు మంచిది కాదని ఉపన్యాసం ఇవ్వకు."

ఒకసారి ఒక గనుల కంపెనీ విందులో యజమాని భోజనానికి ముందు తన జీవితచరిత్ర చెబుతానన్నాడు. వద్దని చెప్పమన్నాను. మార్గరెట్ చెప్పలేదు. విందుకి కూర్చున్నది రోజంతా ఎండలో పనిచేసి వచ్చినవాళ్లు. ఆయన ఇంకా తన స్కూలు రోజుల్లో ఉండగానే వెనక బల్లలవాళ్లు వంటగదిలోకి వెళ్లి రొట్టెలు తెచ్చుకున్నారు. కారులో తిరిగి వస్తుంటే మార్గరెట్ అంది, "చూశావుగా, ఎవరూ చావలేదు." నేనన్నాను, "ఎవరూ వినలేదు కూడా." ఆమె నవ్వింది. "నువ్వు పార్టీలు చేయవు సూ, పార్లమెంటు నడుపుతావు."

ఆ మాట ఆమె తిట్టుగానే అంది. నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను. క్లయింటు మాటకి విలువ ఇవ్వాలి, నిజమే. అయితే ఆ మాట చెప్పేముందు ఆయనకి వాస్తవాలన్నీ తెలియాలి. తెలియజేయడం మన పని. తెలియజేయకుండా తలూపడం మర్యాదగా కనిపిస్తుంది గాని, అది సోమరితనం.

ముహూర్తం

ఇక అసలు సంగతి. గుంటూరు నుంచి వచ్చిన ప్రభాకర్‌గారికి మాసన్ లేక్స్ టెక్నాలజీ పార్కులో చిన్న కంపెనీ ఉంది. వాళ్లు ఒక చాప తయారు చేశారు. వృద్ధాశ్రమాల్లో మంచం పక్కన పరిచే చాప. దాని మీద మనిషి నడిస్తే ఊరుకుంటుంది, పడితే వెంటనే నర్సు జేబులో ఉన్న ఫోన్‌ని మోగిస్తుంది. నడకకీ పడడానికీ తేడా పట్టుకోవడమే అందులో కష్టం. ఆ కష్టమంతా పడింది రజిత అనే అమ్మాయి. వరంగల్‌లో చదివి, ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చేసి, ఈ కంపెనీ స్పాన్సర్ చేసిన వీసా మీద ఉంది.

నా మామూలు ప్రశ్న అడిగాను. ప్రభాకర్‌గారు తడుముకోలేదు. "హెలెన్ అనే ఆవిడండీ. నర్సులందరికీ హెడ్డు. ఇక్కడ చాలా వృద్ధాశ్రమాలు ఆవిడ కింద ఉన్నాయి. ఒక్క చోట ట్రయల్‌కి ఒప్పుకుంటే చాలు, మిగతావాళ్లు వాళ్లే వస్తారు."

"ఒప్పుకోకపోతే?"

"ఇంక నావల్ల కాదు సుశీలగారూ. ఈ చాప సెక్షన్ మూసేస్తాను. పాత బిజినెస్సే చూసుకుంటాను."

రజిత ఆ గదిలోనే ఉంది. సెక్షన్ మూస్తే ఆమె ఉద్యోగం ఉండదు, ఉద్యోగం లేకపోతే వీసాకి ఆధారం ఉండదు. ఇంకో స్పాన్సర్ తొందరగా దొరక్కపోతే దేశం వదిలి వెళ్లాలి. ఆమె లాప్‌టాప్ మూసి, మళ్లీ తెరిచింది.

హెలెన్‌కి ఫోన్ చేశాను. పది గంటలకి వస్తాను, పదకొండుంపావుకి వెళ్లాలి, ఒకచోట ఇన్‌స్పెక్షన్ ఉంది, ఒక్క నిమిషం కూడా ఆగలేను అంది. మంచిదే. పదింటికి కాఫీ, పదిన్నరకి రజిత ప్రదర్శన, తర్వాత ప్రశ్నలు అని రాసి పంపాను. మర్నాడు ప్రభాకర్‌గారి ఫోను.

"సుశీలగారూ, ముహూర్తం వచ్చిందండీ. పదకొండు నలభై."

"దేనికి?"

"దీపం వెలిగించడానికి. అది అయ్యాకే చాప మీద పట్టుగుడ్డ తీయాలి. ఈలోగా ఎవరూ చూడకూడదు."

"హెలెన్ పదకొండుంపావుకే వెళ్లిపోతుంది."

"కాసేపు ఉంచలేమా? ఓ సమోసా పెట్టి, మా కంపెనీ గ్రోత్ మీద స్లైడ్ షో వేసి…"

"ఆవిడ నర్సు ప్రభాకర్‌గారూ. సమోసాలు పెట్టి కూర్చోబెట్టడానికి పెళ్లివారు కాదు."

ఆయన నవ్వారు గాని వెనక్కి తగ్గలేదు. కలిసి మాట్లాడుకున్నప్పుడు అసలు కారణం బయటికి వచ్చింది. ఇంతకుముందు ఒక యాప్ విడుదల చేసినప్పుడు ముహూర్తం చూడలేదట. మూడు నెలలు తిరక్కుండా భాగస్వామి విడిపోయాడు, యాప్ మూలపడింది. అప్పటినుంచీ అత్తగారు అదే అంటున్నారు. "నాకు పెద్ద నమ్మకమని కాదండీ. ఈసారి కూడా పోతే, చూడకపోవడం వల్లే పోయిందని జీవితాంతం వినాలి. ఆవిడ నోట వినడం ఒకెత్తు, నాలో నేను వినడం ఇంకో ఎత్తు."

మా నాన్న సభల్లో పెరిగినదాన్ని కదా, ముహూర్తం మాట వినగానే నా నోటికి పాత వాదాలన్నీ వస్తాయి. ఆ రోజు అవన్నీ మింగేశాను. ముహూర్తాలు చూసేవాళ్లలో ఎక్కువమందిది నమ్మకం కాదు, భయం. నమ్మకం ఉన్నవాడితో వాదించచ్చు. భయపడుతున్నవాణ్ణి చూసి నవ్వితే భయం పోదు, లోపలికి వెళ్లి దాక్కుంటుంది. మీరు హేతువాదులైతే ఈ సంగతి ముందు తెలుసుకోండి. మనం ఓడిపోయిన చర్చల్లో సగం ఎదుటివాణ్ణి చూసి నవ్వినందుకు ఓడిపోయాం.

గుంటూరు పదకొండా, అడిలైడ్ పదకొండా?

వాదన మింగాను గాని ప్రశ్న మింగలేదు. "ఈ పదకొండు నలభై ఏ ఊరిది?" అన్నాను.

"అంటే?"

"లెక్క కట్టింది ఎవరు?"

గుంటూరులో వాళ్ల అత్తగారి కుటుంబానికి పాతకాలం నుంచీ చూస్తున్న జ్యోతిష్కుడు. ముహూర్తమంటే సూర్యోదయాన్ని బట్టి కదా లెక్క. గుంటూరు సూర్యోదయాన్ని బట్టి ఆయన పదకొండు నలభై అన్నాడు. ప్రభాకర్‌గారు దాన్ని తీసుకొచ్చి అడిలైడ్ గడియారంలో పెట్టారు. గుంటూరులో పదకొండు నలభై అయ్యేసరికి ఇక్కడ సాయంత్రం కాఫీ వేళ దాటుతుంది. నేను నమ్మని శాస్త్రమే అయినా, దాని లెక్క దానికైనా సరిపోవాలి కదా. ఈ పొరపాటు ఇక్కడి తెలుగువాళ్లు ఇంకెన్ని గృహప్రవేశాల్లో చేశారో.

ప్రభాకర్‌గారు అక్కడికక్కడే గుంటూరుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు.

"మీరెక్కడుంటే అక్కడి గడియారం ప్రకారం కానిచ్చేయండి బాబూ," అన్నాడు జ్యోతిష్కుడు.

"అక్కడ సూర్యుడు ఉదయించే వేళ వేరు కదండీ?" అన్నాను.

"ఎవరమ్మా మీరు?"

"సభ ఏర్పాట్లు చూసేదాన్ని."

"ఏర్పాట్లు చూసుకోండమ్మా. సూర్యుడి సంగతి నేను చూసుకుంటాను."

ఆ ధీమా నాకు నచ్చింది. అంత ధీమా నా సౌండ్ ఇంజినీర్లకి ఉండుంటే ఎంత బాగుండేది!

ఇక్కడి పంతులుగారిని కూడా అడుగుదామన్నారు ప్రభాకర్‌గారు. ఈ పంతులుగారిది వారమంతా ఒక బ్యాంకులో ఐటీ పని, శని ఆదివారాలు పౌరోహిత్యం. కంప్యూటర్‌లో అడిలైడ్ సూర్యోదయం వేసి చూసి, "పదకొండు నలభై అస్సలు వద్దు సార్, అది దుర్ముహూర్తం. పదీ ఇరవైకి బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

పదీ ఇరవై! నా పదిన్నర ప్రదర్శనకి సరిగ్గా ముందు. నేను చెప్పి రాయించుకున్నా అంత చక్కగా కుదరదు. అప్పటికి మార్గరెట్ పెద్దదైపోయి, పని నాకు వదిలేసి, వారానికి ఒకసారి వచ్చి సలహాలు ఇస్తుండేది. విని చప్పట్లు కొట్టింది. "ఇంకేం కావాలి సూ? మీ దేవుళ్లే నీ ప్రోగ్రాం రాసిపెట్టారు. నోరు మూసుకుని తీసుకో."

తీసుకోలేకపోయాను. ఎందుకో చెబుతాను. ఆ టైము మంచిదని నేను అంటే, టైముల్లో మంచీ చెడూ ఉన్నాయని నేను ఒప్పుకున్నట్టే. ఇవాళ నా పనికి వచ్చిందని ఒప్పుకుంటే, రేపు అడ్డం వచ్చినప్పుడు కాదనడానికి నాకు ఏ హక్కు ఉంటుంది? ఎదుటి మనిషి భయాన్ని నాకు కావలసిన వైపుకి తిప్పుకోవడం ఆ భయం పెట్టినవాడు చేసిన పనే. ప్రభాకర్‌గారికి ఇలా చెప్పాను:

"ఇక్కడి పంతులుగారు పదీ ఇరవై అన్నారు, మీరూ విన్నారు. అది మంచి టైమని నేననను, పదకొండు నలభై చెడ్డదనీ అనను. నాకు రెండూ ఒకటే. నా మాట ఒక్కటే, హెలెన్ హాల్లో ఉండగా చాప చూపించాలి."

ఆయన అన్నారు, "మీరు పదీ ఇరవయ్యే మంచిదని గట్టిగా అనుంటే నేను ఒప్పుకునేవాణ్ణేమో."

"తెలుసు. అందుకే అనలేదు."

రాత్రికి అత్తగారితో మాట్లాడి, గుంటూరాయన చెప్పిన పదకొండు నలభయ్యే ఖాయం చేశారు. ఆవిడ వీడియో కాల్‌లో చూస్తానన్నారట, చుట్టాలందరికీ చెప్పేశారట. కనీసం చాపని కాఫీ దగ్గర పెట్టి, దీపం తర్వాత వెలిగించుకుందామన్నాను. "ముందే చూపించేస్తే ఇక ముహూర్తానికి అర్థమేముందండీ?" అన్నారు. తర్కం ప్రకారం ఆయనదే రైటు.

మర్నాడు రజిత మా ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"ఆంటీ, ఒక్క మాట అంటే ఏం పోయేది మీకు? పదీ ఇరవై మంచిగున్నది అని. జస్ట్ ఒక్క సెంటెన్స్!"

"అది అబద్ధం అవుతుంది రజితా."

"గా పంతులుగారు చెప్పిండు కదా. మీరు చెప్పుడు కూడా కాదు, సైలెంట్‌గా ఉంటే అయిపోతుండె. మీ ప్రిన్సిపుల్ మీది ఆంటీ. ఫ్లైట్ ఎక్కేది నేను."

ఇన్నేళ్ల చర్చాసభల్లో నన్ను ఇంత గట్టిగా ఎవరూ కొట్టలేదు.   నేను చేసింది సరైనదేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కాని సిద్ధాంతం మనది, నష్టం ఇంకొకరిది అయినప్పుడు, సరైనదే చేశామని తృప్తిపడి కూర్చోకూడదు. ఆ నష్టం జరగకుండా చూసే పూచీ కూడా మనదే. "హెలెన్ వెళ్లేముందు నీకు చెబుతాను. నీకు తెలియకుండా ఆమె గుమ్మం దాటదు. అంతవరకు మాటిస్తున్నాను," అన్నాను.

"తెలిసి ఏం జెయ్యాలె?" అని వెళ్లిపోయింది.

ఆ ఉదయం

హాలు బాగానే కుదిరింది. వేదిక మధ్యలో ఇత్తడి దీపపు సెమ్మె, పక్కన బల్ల మీద పట్టుగుడ్డ కింద చాప. ఎదురుగా స్టాండుకి బిగించిన ఫోన్‌లో గుంటూరు నుంచి అత్తగారు. ఇక్కడివాళ్లు పదికి ముందే వచ్చేశారు. మనవాళ్లు ఒక్కొక్కరే, పార్కింగ్ దొరకలేదంటూ వస్తున్నారు. పార్కింగ్ సగం ఖాళీగా ఉంది.

హెలెన్ చెప్పిన టైముకే వచ్చింది. పొట్టి జుట్టు, చదునైన బూట్లు, భుజానికి బరువైన సంచీ. మూడో వరుసలో అంచు కుర్చీలో కూర్చుంది. అంచున కూర్చున్న మనిషి వెళ్లడానికి సిద్ధపడి వచ్చినట్టు. మీరు హాలు చూసేటప్పుడు ముందు అంచులు చూడండి.

ప్రభాకర్‌గారు కంపెనీ పెరుగుదల గురించి స్లైడ్లు వేశారు. తర్వాత ఆయన మిత్రుడు ఆయన గురించి మాట్లాడాడు. ఒక స్లైడ్ రెండుసార్లు వచ్చింది. హెలెన్ మొదట వింది, తర్వాత గోడలు చూసింది, తర్వాత ఫోన్ చూసుకుంది. పదకొండు దాటి పది నిమిషాలయ్యేసరికి సంచీ భుజాన వేసుకుని, చప్పుడు చేయకుండా లేచి లాబీలోకి నడిచింది.

వేదిక పక్కకి వెళ్లి ప్రభాకర్‌గారిని పిలిచాను. "ఆవిడ వెళ్లిపోతోంది."

"అయ్యో, ఇంకెంతండీ, అరగంట! ఆపండి సుశీలగారూ."

"ఏం చెప్పి ఆపను?"

"ఏదో ఒకటి చెప్పండి…"

"ఏదో ఒకటి చెప్పను. చాప తీసుకెళ్లి చూపించమంటారా?"

ఆయన చేతిలో అగ్గిపెట్టె ఉంది. గడియారం చూశారు. ఫోన్‌లో అత్తగారి ముఖం చూశారు. హాలు తలుపు వైపు చూశారు. అవుననలేదు. కాదనలేదు. వేదిక మీది మిత్రుడు "ఇక మన ప్రభాకర్ చిన్ననాటి విషయానికొస్తే" అంటున్నాడు.

రజిత గోడకి ఆనుకుని నిలబడి ఉంది. దగ్గరికి వెళ్లాను.

"హెలెన్ లాబీలో ఉంది, వెళ్లిపోతోంది. ప్రభాకర్‌గారిని అడిగాను. అవుననలేదు, కాదనలేదు."

"అంటే?"

"అంటే ఇంకా ఎవరూ ఏమీ నిర్ణయించలేదు."

ఆమె వేదిక వైపు చూసింది. తిన్నగా మెట్లెక్కింది. పట్టుగుడ్డ ఎత్తకుండా కింది నుంచి చాపని లాగేసింది. గుడ్డ బల్ల మీద చదునుగా పడింది, దాని మీది బంతిపూలు కదల్లేదు. వక్త మాట ఆగిపోయింది. చాప బరువు, పొడవు కూడా. రెండో అంచు నేను పట్టుకున్నాను. క్లయింటు మాటే చివరిదన్న మార్గరెట్ సూత్రాన్ని నేను దాటానని కొందరు తర్వాత అన్నారు. క్లయింటు మాట రానప్పుడు ఏం చేయాలో ఆ సూత్రంలో లేదు.

లాబీలో హెలెన్ అప్పటికే తలుపు మీద చెయ్యి వేసింది. రజిత చాపని ఆమె కాళ్ల ముందు పరిచి, చాపతో పాటు వచ్చే నర్సు ఫోన్‌ని ఆమె చేతిలో పెట్టి, "ప్లీజ్, జస్ట్ హోల్డ్ దిస్" అంది. చాప మీద అటూ ఇటూ నడిచింది. ఫోన్ మోగలేదు. గబుక్కున కూర్చుని లేచింది. మోగలేదు. తర్వాత చెప్పాపెట్టకుండా పక్కకి ఒరిగి, తుంటి తగిలేలా పడింది. ఎముకా నేలా తగిలిన చప్పుడు అది. కాఫీలు పోస్తున్న అమ్మాయి కేక పెట్టింది. ఫోన్ మోగింది.

హెలెన్ ఫోన్ చూడలేదు. ఆమె అప్పటికే మోకాళ్ల మీద ఉంది. ఒక చెయ్యి రజిత తుంటి మీద, ఒకటి మెడ కింద. "కదలకు. ఎక్కడ నొప్పి?" అంటోంది. రజిత "నో, నో, ఐ యామ్ ఫైన్, అది డెమో" అంటోంది. అప్పుడు గాని హెలెన్‌కి పక్కన నేల మీద పడి మోగుతున్న ఫోన్ వినబడలేదు. తీసి చూసింది. ఆపింది. చాప అంచు వేళ్లతో నొక్కి చూసింది.

"నువ్వు బాగా పడ్డావు," అంది. "కాని మా వాళ్లు ఇలా పడరు. మంచం అంచు మీద కూర్చుని, దుప్పటి పట్టుకుని, మెల్లగా జారిపోతారు. చప్పుడే ఉండదు. తెల్లారేదాకా అలాగే ఉంటారు. అది పట్టుకుంటుందా?"

హాల్లోని జనమంతా తలుపు దగ్గరికి వచ్చేశారు. వాళ్ల ముందు ప్రభాకర్‌గారు, ఒక చేతిలో అగ్గిపెట్టె, ఇంకో చేతిలో స్టాండు నుంచి ఊడదీసిన ఫోను. "పట్టుకుంటుందని చెప్పమ్మా," అని ఎవరో వెనకనుంచి తెలుగులో అన్నారు.

రజిత లేచి కూర్చుంది. "పట్టుకోవాలి," అంది హెలెన్‌తో. "మంచం అంచు నుంచి జారడం మేం ల్యాబ్‌లో చాలాసార్లు చేశాం. కాని జారింది మేమే. అలా జారేవాళ్లని రోజూ చూసేవాళ్లు ఎవరూ చేయలేదు."

హెలెన్ గోడ గడియారం వైపు చూసింది. సంచీ దించింది. బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

"బాబూ, ఏమవుతోంది? ఇంకా టైము కాలేదుగా?" అంది ఫోన్‌లో అత్తగారి గొంతు.

"అత్తయ్యగారూ, ఒక్క నిమిషం," అన్నారు ప్రభాకర్‌గారు. ఫోన్ నా చేతికిచ్చారు. అగ్గిపెట్టె జేబులో వేసుకున్నారు. లాబీ మూలన ఉన్న సోఫాని రెండు చేతులా పట్టి, కోటు చంకలో చిరిగిన చప్పుడు వినబడుతున్నా ఆగకుండా ఈడ్చుకొచ్చి చాప అంచుకి చేర్చారు. "దీన్ని మంచం అనుకోండి," అన్నారు హెలెన్‌తో.

ఆమె సోఫా అంచు మీద కూర్చుంది. దిండు ఒక చేత్తో పట్టుకుంది. కళ్లు సగం మూసి, నిద్రలో లేచిన ముసలిమనిషి కాలు నేల కోసం వెతికినట్టు వెతికి, జారింది. ఎంత మెల్లగా జారిందంటే, జారడం అయిపోయిందని మాకు తెలియలేదు. చాప మీద ఒక పక్కకి ముడుచుకుని ఉండిపోయింది. ఫోన్ రజిత చేతిలో ఉంది. మోగలేదు. రజిత పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్కపెడుతున్నట్టు. ప్రభాకర్‌గారు సోఫా చెయ్యి వదల్లేదు. 

మోగింది.

హెలెన్ లేవలేదు. పడుకునే పైకప్పు చూస్తూ అడిగింది, "సోమవారం ఒక చాప తీసుకుని మా దగ్గరికి రాగలవా?"

"మార్నింగా, ఆఫ్టర్‌నూనా?" అంది రజిత. 

"రెండూ కాదు. తెల్లవారకముందు. మా వాళ్లు ఎక్కువగా జారేది అప్పుడే."

"నేను కూడా వస్తాను," అన్నారు ప్రభాకర్‌గారు. "ఎన్ని గంటలకి రమ్మంటారు?"

హెలెన్ చెప్పింది. ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "ఉంటానండీ అత్తయ్యగారూ, మళ్లీ చేస్తాను" అని, ఆ వేళకి అలారం పెట్టుకున్నారు.